ఖాళీ చెయ్యి కనిపిస్తే మా అత్త ఊరుకునేది కాదు

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి మా డ్రైవరన్న ఆమె పంపిన తెల్లగడ్డలు ఒలుస్తున్నాడు. రాయదుర్గం బస్టాండులో బస్సు నిలిపి, సిమెంటు బెంచీ మీద ఆయన ఒక పక్క, కండక్టరునైన నేను ఒక పక్క కూర్చున్నాం. మధ్యలో పాత పేపరు, దాని మీద పొట్టు. కంట్రోలరు తన గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషి మామూలుగా గదిలోంచే అరుస్తాడు. బయటికి వచ్చాడంటే ఏదో జరిగిందనే.

"మీ ఇంటికాడ్నుంచి ఫోనొచ్చిందమ్మా. మీ అత్త..." అని ఆగిపోయాడు.

డ్రైవరన్న చేతిలో సగం ఒలిచిన పాయ అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు. కాసేపు దాని వైపే చూసి, "ఏం చేసేదమ్మా, ఇవి ఒలిచేదా వద్దా?" అని మెల్లగా అడిగాడు.

"ఒలుచన్నా. సగంలో ఇడిచిపెడితే ఒప్పుకునే మనిషా ఆమె?" అన్నాను. అని, ఖాకీ కోటు అంచుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ కోటుకు కూడా తెల్లగడ్డ ఘాటే పట్టి ఉంది. కళ్లు ఇంకా మండి, తుడిచినకొద్దీ నీళ్లు వచ్చాయి.

ఇంటికి చేరాక పక్కింటి వదిన జరిగింది చెప్పింది. పొద్దున నన్ను డ్యూటీకి పంపి, మా అత్త వసారాలో గోడకు ఆనుకుని కరివేపాకు దూస్తూ కూర్చుందట. కాసేపటికి తల వాలిందట. మా అత్త పగటిపూట కునుకు తీయడం మా వీధిలో ఎవరూ చూసి ఎరుగరు. అందుకే వదినకు అప్పుడే అనుమానం వచ్చి పరుగెత్తుకొచ్చింది. ఒడిలో చేట ఉంది. ఆకు అంతా దూయడం అయిపోయింది. పని సగంలో వదిలి పోలేదు, అదొక్కటే నాకు ఊరట.

మీలో ఎవరైనా కళ్యాణదుర్గంలో రాయదుర్గం బస్సు ఎక్కి ఉంటే, మా అత్తను చూడకపోయినా ఆమె సంగతి మీకు కొంచెం తెలిసే ఉంటుంది. టికెట్టుతో పాటు తాలింపు వాసన వచ్చిందని మీరు ఆశ్చర్యపోయి ఉంటారు. ఒక పెద్దాయన ఒకసారి టికెట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమ్మా, దీన్ని చూపించల్లనా, కలుపుకోని తినల్లనా?" అని అడిగాడు. ఆ వాసన నాది కాదు, మా అత్తది.

ఆమెకు లోకంలో పడనిది ఒక్కటే, ఖాళీ చెయ్యి. దొంగను చూసినా అంత కోపం వచ్చేది కాదేమో. మనిషి మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, ఏడవొచ్చు, కొట్లాడొచ్చు. ఏది చేసినా చేతిలో పని ఉండాలి. "నోరు మాట్లాడతాంటే చెయ్యేమన్నా ఊరికి పోయిందా?" అనేది. మా వీధిలో ఈ మాట పడని మనిషి లేడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు అంకెలు రాసుకుని పోకుండా మంచినీళ్లు అడిగాడంటే అయిపోయినట్టే. చెంబు అందించి, "ఎండన పడి వచ్చినావు, ఒగేసారి తాగితే జలుబు చేస్తాది. మెల్లగా తాగు నాయనా. తాగేలోపల ఈ నాలుగు చెనిక్కాయలు ఒలుచు" అని ముందర పోసేది. ఆ నాలుగు వేరుశనగకాయలు ఎప్పుడూ శేరుకు తక్కువ ఉండేవి కావు. పాపం, ఆ పిల్లాడు తరువాత తరువాత మా ఇంటి మీటరు గోడ బయటినుంచే ఎగిరి చూసి రాసుకునేవాడు.

ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి దండ వేసుకుని, వెనక గుంపుతో వచ్చి, రెండు చేతులూ జోడించి మా వాకిట్లో నిలబడ్డాడు. ఆమె ఆ చేతుల వంక తేరిపార చూసింది. "ఊరికే జోడించుకోని నిలబడే బదులు, ఈ మిరపకాయల మూట ఆ అటకెక్కియ్యి నాయనా" అంది. ఆయన గుంపు వైపు చూశాడు. గుంపు ఆయన వైపు చూసింది. చివరికి దండ తీసి పక్కన పెట్టి, ఆయనే ఎక్కించాడు. మా అత్త ఓటు ఎవరికి వేసిందో నాకు తెలియదు గానీ, ఆ మూట దించాల్సి వచ్చినప్పుడు మాత్రం "ఎలక్షన్లు ఎప్పుడు పాపా?" అని అడిగింది.

ఆమె నోట టైము అన్న మాట వినలేదు. ఆమె మాట 'సందు'. రెండిళ్ల మధ్య ఉండే ఇరుకు దారిని మనం సందు అంటాం కదా, ఆమెకు రెండు పనుల మధ్య ఉండేదీ సందే. ఎసరు మరిగేలోపల ఒక సందు. కొళాయి దగ్గర బిందె వరుసలో పెట్టి, మన వంతు వచ్చేలోపల ఇంకో సందు. మా ఊరి కొళాయి సంగతి తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద సందో వేరే చెప్పక్కర్లేదు. ఏడాదికి సరిపడా చింతపండు గింజలన్నీ ఆమె ఆ వరుసలోనే తీసింది. కరెంటు పోతే మేమంతా విసనకర్ర కోసం తడుముకుంటూ ఉంటే, ఆమె ముఖం మాత్రం వెలిగిపోయేది. టీవీ సీరియల్లో కోడలు పిల్ల ఏడవడం మొదలుపెట్టగానే మజ్జిగలో ఊరవేసే మిరపకాయలు ముందరేసుకుని గాట్లు పెట్టేది. "ఆ పాప ఇంగా శానా సేపు ఏడుస్తాది. అంతలో ఇవన్నీ అయిపోతాయి" అనేది. ఆ పాప కష్టాలు తీరిపోతే మా అత్తకు దిగులుగా ఉండేది.

"దినానికి పెద్ద వాకిలంటూ ఏం ఉండదు పాపా. అన్నీ సందులే. దూరి పోవల్ల" అని నాకు చెప్పేది. నేను ఆ మాటను మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు.

ఆ సందులన్నీ చివరికి పొడులయ్యేవి. ధనియాలు, మిరపకాయలు మిద్దె మీద ఎండేవి. మా అనంతపురం ఎండను తిట్టని మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. "వాన ఎన్ని మార్లు ఎగ్గొట్టింది! ఎండ ఒక్కనాడన్నా ఎగ్గొట్టిందా?" అని దాని తరఫున వాదించేది. ఎండినవాటిని సన్న సెగ మీద దేనికదే వేయించాలి. అన్నీ కలిపి బాణలిలో పోస్తే ఆమెకు ఒళ్లు మండేది. "అన్నీ ఒగేసారి ఏస్తే ఒగటి మాడతాది, ఒగటి పచ్చిగా మిగుల్తాది. ఉమ్మడి సంసారం చూసినావు కదా" అనేది. ఉగ్గాణిలోకి పప్పుల పొడి, సంగటిలోకి తెల్లగడ్డ కారం, చారు పొడి, కరివేపాకు పొడి, చెనిక్కాయల పొడి. పప్పులంటే మా వైపు వేయించిన శనగపప్పు. వాటిని ఎండుకొబ్బరి, ఎండుమిరప, తెల్లగడ్డ చేర్చి దంచితే వచ్చే పొడి నానబెట్టిన బొరుగుల మీద, అంటే మరమరాల మీద, పడితేనే అది ఉగ్గాణి. పడకపోతే తడిసిన బొరుగులు, అంతే.

ఈ పొడులన్నీ ఒకే రకం రేకు డబ్బాల్లో, ఒకే వరుసలో ఉండేవి. ఏ డబ్బాలో ఏముందో ఆమెకు తప్ప పైవాడికి కూడా తెలియదు. పేర్లు రాసి అంటిస్తానని ఒకసారి అన్నాను.

"వద్దు. పేర్లు రాస్తే పక్కింటోళ్లు చదువుకోని అడుగుతారు. రాయకపోతే మూత తీసి చూడల్ల. మూత తీస్తే నాకు సప్పుడు ఇనిపిస్తాది" అంది.

నా ఉద్యోగం సంగతి చెప్పకుండా ఆమె సంగతి చెప్పలేను. తొంభైల చివర్లో ఆడవాళ్లను కూడా కండక్టర్లుగా తీసుకుంటున్నారని విని దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజు ఇంట్లో ఎవరో పోయినట్టు అయింది. మా ఆయన వేరుశనగ మిల్లులో గుమాస్తా. మనిషి మంచివాడే. కానీ నోటికి వేడిగా, కారంగా, వేళకు పడకపోతే లోకం మునిగినట్టు చూస్తాడు. "నువ్వు ఫస్టు బస్సుకు పోతే నాకు అన్నం ఎవురు పెడతారు?" అన్నాడు. చుట్టాలది ఇంకో బాధ. "ఖాకీ కోటేసుకోని, ఈల ఊదుకుంటా, మొగోళ్ల మద్దెన దూరి టికెట్లు కొట్టేదేంది?" అన్నారు. నాకు మాత్రం ఆ ఉద్యోగం కావాలి. అంతకు ముందు ఏళ్లలో మా చేనులో వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ ఈల ఊదాలని నాకు మహా మోజుగా ఉండేది.

అందరికన్నా ముందు అడ్డం పడేది అత్తే అనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆ బస్సు దినామూ వస్తాదా?"

"వస్తాది అత్తా."

"వాన మాదిరి ఎగ్గొట్టదు కదా?"

"ఎగ్గొట్టదు."

"అట్లయితే ఎక్కు. వానను నమ్ముకోని నేను ముసిల్దాన్నయితి. నువ్వు బస్సును నమ్ముకో." అని కొడుకు వైపు తిరిగింది. "నీకు యాళకు అన్నం కావల్ల, అంతే కదప్పా? ఆ సంగతి నాకు ఇడిచిపెట్టు."

ఆ రోజునుంచి మా వంటిల్లు యుద్ధానికి సిద్ధమైన కోటలా తయారైంది. పొద్దున నేను కోటు తొడుక్కునేసరికి పొయ్యి పక్కన అన్నీ వరుసగా ఉండేవి. ముందురోజు సందుల్లో తరిగిన ఎర్రగడ్డలు, నానబెట్టిన చింతపండు, దంచిన పొడి. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, తాలింపులో వేసి, పొడి చల్లితే అయిపోయినట్టే. మా ఆయన నిద్ర కళ్లతో మంచం దిగేసరికి పళ్లెం ఎదురుగా ఉండేది. పాపం, ఆయనకు గొణుక్కోవడానికి సందు దొరికేది కాదు.

డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే ఒక తాగుబోతు బస్సులో అందరి ముందూ నన్ను నోటికొచ్చినట్టు అన్నాడు. వాణ్ని దించేశాను గానీ, ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి ఏడ్చాను. ఇంక పోను అన్నాను. అత్త నన్ను దగ్గరికి తీసుకోలేదు, కళ్లు తుడవలేదు. బాణలి పొయ్యి మీద పెట్టి, ధనియాలు పోసి, గరిటె నా చేతికిచ్చింది. "ఏడ్చు. ఎవురొద్దన్నారు? ఏడ్చుకుంటానే తిప్పు, ల్యాకపోతే మాడతాయి" అంది. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఒక చేత్తో తిప్పాను. ధనియాలు కమ్మటి వాసన వచ్చేసరికి నా ఏడుపు కూడా అయిపోయింది. ఆమె వాటిని చేటలో పోసి వాసన చూసి, "బాగా ఏగినాయి. రేపు పోతావు కదా?" అంది. పోయాను. ఆమెకు నా మీద ఉన్న ప్రేమ ఎప్పుడూ ఇట్లా పొయ్యి మీదుగానే వచ్చేది. నేను దాన్ని అర్థం చేసుకున్నాను, ఇప్పుడు దానికోసం అల్లాడుతున్నాను.

అసలు గండం ఒక ఆదివారం వచ్చింది. మా పెద్దమామ, అంటే చనిపోయిన మా మామకు అన్న, కబురు పంపాడు. ఆదివారం భోజనానికి వస్తానని, కోడలి ఉద్యోగం సంగతి ఆ రోజే తేల్చేస్తానని. ఆ ఇంట్లో ఆయన మాటంటే మాటే. ఆయన మానమంటే మా ఆయన ఎదురు చెప్పలేడు, నా ఈల అటకెక్కుతుంది. అత్తకు చెబితే "రానీ" అంది. ముక్కుతో అంది, ఎందుకంటే ఆ వారం ఆమెకు గట్టి జలుబు. ఏ వాసనా తెలియడం లేదు. వేరేవాళ్లయితే పడుకునేవాళ్లు. ఆమెకు జలుబు కూడా సందే. ఘాటు తెలియదు కాబట్టి ఏడాది మిరపకాయలన్నీ ఆ వారమే దంచేసింది. పనిలో పనిగా తలకు రుద్దుకునే సీకాయ కూడా దంచి డబ్బాకెత్తింది. ఆ డబ్బా కూడా అదే రకం రేకు డబ్బా.

పెద్దమామ తెల్ల పంచె కట్టుకుని, మీసం దువ్వుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకునేలోగా ఆయన ముందుకు చేట వచ్చింది. చేట నిండా చింతపండు.

"మాట్లాడు బావా, ఇంటాండాను. ఇనుకుంటానే ఈ గింజలు తీద్దాం" అని అత్త కింద కూర్చుంది.

"అదికాదమ్మా. మన ఇంట్లో ఆడోళ్లు ఎన్నడన్నా..."

"ఆ గింజకు పీచు అంటుకోనుండాది చూడు బావా."

ఆయన పీచు తీశాడు. "మన ఇంట్లో ఆడోళ్లు ఎన్నడన్నా గడప దాటి..."

"అది కాదు బావా, ఎడమ పక్కది."

నేను తలుపు వెనకనుంచి చూస్తూ ఉన్నాను. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. మనిషికి కోపం నోటితో రాదు, చేతులతో వస్తుంది. వేలు చూపించాలి, తువ్వాలు దులపాలి, మంచంపట్టె మీద గుద్దాలి. చింతపండు జిగురు అంటిన వేళ్లతో ఇవేమీ కుదరవు. పెద్దమామ మీసం మెలేయబోయి, వేళ్లు చూసుకుని ఆగిపోయాడు. మా అత్త మనుషులకు పని ఇచ్చేది పని అవుతుందని మాత్రమే కాదన్నమాట.

భోజనాలకు కూర్చున్నాం. సంగటి, చుక్కకూర పప్పు. పెద్దమామ పప్పు ఇంకోసారి వేయించుకున్నాడు. నా గుండె కొంచెం కుదుటపడింది. తరువాత అన్నంలోకి చారు. అత్త గిన్నె తెచ్చి పోసింది. పోస్తుంటే తెల్లగా నురుగు వచ్చింది. మరిగి మరిగి అట్లా వచ్చిందనుకున్నాను. కలుపుతుంటే ఇంకా వచ్చింది. పెద్దమామ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగాలో ఉమ్మాలో తెలియక అట్లాగే ఉండిపోయాడు. మీసం అంతా నురుగు. చివరికి గుటక వేశాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె వేలితో రుచి చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"సీకాయ పడింది" అంది.

పెద్దమామకు పొద్దుటినుంచి దొరకని మాట అప్పుడు దొరికింది. "చూసినావా? చూసినావా? కోడలు బస్సులెంబడి తిరిగితే ఇంట్లో ఇట్లే ఉంటాది! ఇంగ చాలు. రేపట్నుంచి..."

నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. మా ఆయన తల వంచుకున్నాడు.

"ఉండు బావా" అంది అత్త. "ఈ పొద్దు దానికి సెలవు. పొద్దుట్నుంచి ఇంట్లోనే ఉండాది. చారు చేసింది నేను. ఇంట్లోనే ఉండే ఆడది చేసిన చారు ఇది. నువ్వు రెండు మార్లు ఏయించుకున్న పప్పు, బస్సులెంబడి తిరిగే ఆడది చేసింది. ఏది బాగుండాదో నువ్వే చెప్పు. ఇంట్లో ఉండేదాన్ని మాన్పించల్లంటే నన్ను మాన్పించు."

పెద్దమామ ఏదో అనబోయాడు. మీసం కొసన నిలిచిన ఒక బుడగ టప్పున చిట్లింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక కంచం వదిలి పెరట్లోకి పరుగెత్తాడు. పెద్దమామ తువ్వాలుతో మూతి తుడుచుకుని, కంచం ముందుకు జరిపాడు. ఆ ఇంట్లో ఆయన చెప్పిన తీర్పుల్లో అంత చిన్నది ఇంకోటి లేదు.

"ఆ పప్పు ఇంగ రోంత ఏయమ్మా" అన్నాడు.

సాయంత్రం ఆయన్ని బస్సెక్కించి వచ్చాక అత్తను నిలదీశాను. ఎందుకంటే ఆ పప్పు చేసింది కూడా ఆమే. "అబద్ధం ఎందుకు చెప్పినావత్తా?" అన్నాను.

"ఉప్పు ఎవురేసినారు?"

"నేనే."

"మల్లేమి? ఉప్పు ల్యాని పప్పు పప్పేనా? నువ్వు చేసినట్లే." అని చారు గిన్నె తోముతూ, దాన్ని వెలుతురుకు పట్టి చూసి ముచ్చటపడింది. "చూసినావా, ఎట్ల తళతళలాడతాందో! దినామూ ఇట్లే చేస్తే పోలా."

తరువాత పెద్దమామ నా బస్సు తప్ప వేరే బస్సు ఎక్కేవాడు కాదు. ముందు సీట్లో కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మా కోడలి బస్సు" అని చెప్పేవాడు.

ఉద్యోగం నిలబడ్డాక అత్త కన్ను నా డ్యూటీ మీద పడింది. "రాయదుర్గంలో మీ బస్సుకు ఎంత సందుంటాది?" అని ఒకరోజు ఊరికే అడిగినట్టు అడిగింది. నేను తెలివి తక్కువగా ఉన్నదున్నట్టు చెప్పాను. మరుసటి రోజు టికెట్ల సంచీ పక్కన ఇంకో సంచీ ఉంది, నిండా తెల్లగడ్డలు. డ్రైవరన్న మొదట బిగుసుకున్నాడు. "నేను స్టీరింగు పట్టే మనిషినమ్మా, తెల్లగడ్డలు ఒలుస్తానా?" అన్నాడు. సంగతి అత్తకు చెబితే, మాట్లాడకుండా ఆయనకు ఒక సీసాడు తెల్లగడ్డ కారం పంపింది. అది సంగటిలో కలుపుకుని తిన్న మరునాడు ఆయనే "ఈ పొద్దు సంచీ యాడమ్మా?" అని అడిగాడు. ఒకసారి చెకింగుకు వచ్చిన ఆఫీసరు బెంచీ మీది పొట్టు చూసి, "ఏమిది?" అని గద్దించాడు. డ్రైవరన్న లేచి నిలబడి, "సందు సార్" అన్నాడు. ఆయనకు ఏం అర్థమైందో గానీ, ఏమీ రాయకుండా వెళ్లిపోయాడు.

కాలం మారింది, మా ఇంట్లోకి మిక్సీ వచ్చింది. అందరూ అనుకున్నట్టు ఆమె దాన్ని ఈసడించలేదు. ఆమె బాధ ఒక్కటే. అది తిరుగుతున్నంతసేపూ మనిషి చేతులు ఖాళీ. అందుకే ఒక చేత్తో మూత నొక్కిపట్టి, ఇంకో చేత్తో కరివేపాకు దూసేది. మాకు టికెట్లు కొట్టే మిషన్లు ఇచ్చినప్పుడు తెచ్చి చూపించాను. తిప్పి తిప్పి చూసి, "టికెట్టు అదే కొడతాంటే నీ ఇంగో చెయ్యి ఏం చేస్తాంది?" అంది. నేను ఆ ఇంకో చెయ్యిని వీపు వెనక దాచుకున్నాను.

ఆమె దినం నాడు ఒక విచిత్రం జరిగింది. వంటవాడు సాంబారు పొడి తీయబోతుంటే పక్కింటి వదిన అడ్డం పడింది. "ఆ పొడి వద్దు. ఆమె చెప్పిపెట్టింది" అని, అటక మీదినుంచి మేమెవరం చూడని పెద్ద డబ్బా దింపించింది. "నా దినానికి వంటోడు తెచ్చిన పొడి ఏయనీయొద్దు. వచ్చినోళ్లు నా పేరు చెప్పుకోని తిడతారు" అని ఎప్పుడో చెప్పిందట. ఎండాకాలంలో ఏదో సందులో దంచి పెట్టుకుంది. తన దినం సాంబారుకు తానే పొడి కొట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వచ్చినవాళ్లంతా కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండోసారి వేయించుకున్నారు.

భోజనాలయ్యాక, అనుకున్నట్టే, ఒక చుట్టం మొదలుపెట్టింది. "ఇంగ కోడలు డ్యూటీ మానుకోవల్లేమో. ఇల్లు చూసేదానికి ఎవురుండారు?" అంది. ఒకరిద్దరు తలలూపారు. మూలన కుర్చీలో పెద్దమామ ఉన్నాడు. ఇప్పుడు ఆయనకు చూపు ఆనదు, మీసం నెరిసి పలచబడింది. ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "ఎవురది మాట్లాడేది? చేతిలో పనేమీ ల్యాదా?" అని గద్దించాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న మా ఆయన, ఎవరి వైపూ చూడకుండా, "ధనియాలు నేను ఏయిస్తా" అన్నాడు. నాకు అత్త కోసం ఆ క్షణంలో వచ్చినంత ఏడుపు శవం ముందు కూడా రాలేదు.

మళ్లీ డ్యూటీకి వెళ్లిన రోజు ఫస్టు ట్రిప్పు నాదే. మా చేను రాయదుర్గం రోడ్డు పక్కనే. మా వాళ్లలో పూడ్చడమే ఆనవాయితీ కాబట్టి ఆమెను అక్కడే పెట్టాం. ఆ చోట బస్సు ఆగదు. డ్రైవరన్న నన్ను అడగకుండానే ఆపాడు. నేను దిగి గట్టు దాటి వెళ్లి ఆ ఎర్రమట్టి కుప్ప ముందు నిలబడ్డాను. దండం పెట్టుకుందామని చేతులెత్తితే, అవి ఉత్త చేతులు. సంచీ, మిషను బస్సులోనే పెట్టి వచ్చాను. మా చేని మట్టినిండా గులకరాళ్లే. ఆమె మీద కూడా అవే ఉన్నాయి. వంగి ఒకటి తీశాను. పక్కన ఇంకోటి కనిపించింది. గొంతుక్కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరడం మొదలుపెట్టాను.

కాసేపటికి నా పక్కన ఇంకో మనిషి కూర్చున్నట్టు తెలిసింది. డ్రైవరన్న. ఆయన వెనక, ప్యాంట్లు కుట్టే పనికి రాయదుర్గం పోయే ఆడపిల్లలు ఇద్దరు వచ్చి, టిఫను సంచులు భుజానికి ఎగదోసుకుని కూర్చున్నారు. బస్సులోంచి ఎవరో "టయమయితాందప్పా!" అని అరిచారు. "అయితే కానీ. అంతవరకు చేతులు ముడుచుకోని కూర్చుంటావా? దిగు" అని ఇంకెవరో అన్నారు. మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. నేను తల ఎత్తలేదు. చుట్టూ చేతులు కనిపిస్తూ ఉన్నాయి. గాజులున్నవి, ముడతలు పడ్డవి, మిల్లు నూనె అంటినవి. తీసిన రాళ్లు టకటకమని గట్టు మీద పడుతున్నాయి. ఎండ ఎక్కుతోంది. రోడ్డు మీద బస్సు తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. దాంట్లో ఒక్క మనిషీ లేడు.